హాక్ టానా, లిప్-బు టానా?

ఇద్దరి ఇంటిపేరూ టాన్, ఇద్దరూ మలేషియాలో పుట్టినవాళ్లే, ఇద్దరూ అమెరికాలోని ఎంఐటీలో చదివారు, ఇద్దరూ అమెరికన్ చిప్ కంపెనీల సీఈవోలయ్యారు. కానీ పనితీరు మాత్రం ఉత్తర దక్షిణాలు.

పెనాంగ్‌లో పుట్టిన హాక్ టాన్ ఆట అంతా కొనుగోళ్లే. 2006లో అవాగో అనే చిప్ కంపెనీ పగ్గాలు పట్టి, 2016లో మరో చిప్ కంపెనీ బ్రాడ్‌కామ్‌ను సుమారు 37 బిలియన్ డాలర్లకు కొని ఆ పేరే తన కంపెనీకి పెట్టుకున్నాడు. 2018లో ఫోన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్‌పై కన్నేస్తే ట్రంప్ అడ్డుపడ్డాడు, అయినా తగ్గకుండా సాఫ్ట్‌వేర్ వైపు తిరిగి 2023లో కంపెనీల సర్వర్లకు సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌నూ కలిపేసుకున్నాడు. కొన్న వెంటనే ఖర్చులకు కత్తెర, లైసెన్సులకు కొత్త రేట్లు (ఆ మంట ఎలా ఉంటుందో వీఎంవేర్ కస్టమర్లే చెబుతారు).

మువార్‌లో పుట్టి సింగపూర్‌లో పెరిగిన లిప్-బు టాన్ మొదట పెట్టుబడిదారు. 1987లో వాల్డెన్ అనే పెట్టుబడి సంస్థ మొదలుపెట్టాడు, తర్వాత ఇబ్బందుల్లో ఉన్న కేడెన్స్‌ను (చిప్‌ల డిజైన్‌కు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ) గాడిన పెట్టాడు. 2025 మార్చిలో, సొంత ఫ్యాక్టరీల్లో చిప్‌లు చేసే ఇంటెల్‌కు సీఈవోగా వచ్చాడో లేదో ఆగస్టులో రాజీనామా చెయ్యమన్నాడు ట్రంప్, అదే నెలలో అమెరికా ప్రభుత్వమే ఇంటెల్‌లో దాదాపు 10 శాతం వాటా తీసుకుంది!

షేర్లు కొనేవాడికి హాక్ టానే నచ్చుతాడు. నాకైతే లిప్-బు పనే కష్టమనిపిస్తుంది, ఎందుకంటే లాభాల్లో ఉన్నదాన్ని కొని పిండుకోవడం వేరు, వెనకబడిన ఫ్యాక్టరీలను మళ్లీ పరుగెత్తించడం వేరు.