‘ది కన్ఫార్మిస్ట్’ డిస్క్ కొనేవారికి ఒక హెచ్చరిక

బెర్నార్డో బెర్తొలూచీ దర్శకత్వంలో 1970లో వచ్చిన ఇటాలియన్ చిత్రం ‘ది కన్ఫార్మిస్ట్’ డిస్క్‌ను ఆన్‌లైన్‌లో కొనబోయేవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. అట్ట మీద ‘పునరుద్ధరించిన ప్రతి’ అని ఉండడం చూసి నేను 1,400 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. వచ్చింది మాత్రం ఏదో పాత వీడియో నుంచి ఎక్కించిన నాసిరకం నకలు.

ఈ చిత్రానికి ఛాయాగ్రహణమే ప్రాణం కాబట్టి దీన్ని చిన్న లోపమని సరిపెట్టుకోలేకపోతున్నాను. ఫాసిస్టు పాలనలో నలుగురిలో ఒకడిగా కలిసిపోవాలన్న ఆరాటంతో, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన ప్రొఫెసర్ హత్యలో పాలుపంచుకోవడానికి సిద్ధపడిన కథానాయకుడు క్లెరిచి మనసును ఛాయాగ్రాహకుడు విత్తోరియో స్తొరారో వెలుగునీడలతోనే చూపించారు. పారిస్‌లో ఆ ప్రొఫెసర్ గదికి వెళ్లిన క్లెరిచి ఒక కిటికీ మూసి, గోడ మీది నీడలనే నిజమని నమ్మిన బందీల గురించి ప్లేటో చెప్పిన గుహ కథను గుర్తుచేస్తాడు. అప్పుడు అతని నీడ గోడ మీద నిలుస్తుంది; ప్రొఫెసర్ కిటికీ తెరవగానే వెలుగు పడి అది చెరిగిపోతుంది. నాకొచ్చిన డిస్క్‌లో నలుపు ఎంత ముద్దగా ఉందంటే, మనిషీ నీడా గోడా కలిసిపోయి, చెరిగిపోవడానికి అసలు నీడే కనబడలేదు. తొలి దృశ్యంలో హోటల్ గదిలో వెలిగి ఆరే ఎర్రని నియాన్ కాంతి కూడా వెలిసిపోయిన ఇటుక రంగుకు దిగిపోయింది.

ఫ్రేమును కోసిన తీరు మరింత బాధ కలిగించింది. ఈ చిత్ర నిష్పత్తి, అంటే బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి, 1.66:1 కనుక నేటి వెడల్పు టీవీలో ఇరుపక్కలా సన్నని నల్లపట్టీలు రావాలి, అది లోపం కాదు. ఈ నకలులో తెర నిండడం కోసం బొమ్మను సాగదీసి పైనా కిందా కత్తిరించారు. దాంతో పెద్ద పెద్ద ప్రభుత్వ భవనాల్లో మనిషిని చిన్నవాడిగా చూపడానికి కెమెరాను దూరంగా నిలిపిన చోట్ల ఆ ఎత్తే మాయమైంది. అమెరికాలో తొలి విడుదలప్పుడు తీసేసి, తర్వాత తిరిగి చేర్చిన అంధుల విందు దృశ్యం ఇందులో లేనే లేదు. సీలు తీశారు కాబట్టి డబ్బు వెనక్కి ఇచ్చేది లేదని విక్రేత తేల్చేశారు.

అందుచేత కొనే ముందే విక్రేతను నిష్పత్తి ఎంతో, ఇటాలియన్ ధ్వని ఉందో లేదో, అంధుల విందు దృశ్యం ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. స్తొరారో పర్యవేక్షణలో బొలోన్యా ఫిల్మ్ ఆర్కైవ్ 2011లో పునరుద్ధరించిన ప్రతి నుంచి చేసిందేనా అని కూడా అడగండి. వీలైతే ప్రొఫెసర్ గది దృశ్యం ఫొటో ఒకటి పంపమనండి. గోడ మీద నీడ విడిగా తెలియకపోతే ఆ డిస్క్ కొనకండి.