649 రూపాయల సైన్స్ కిట్: రాగి రేకుకు అయస్కాంతం అతుక్కుంది

జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో 27 ఏళ్లు అటెండరుగా చేసి రిటైరయ్యాను. మనవరాలు ఎనిమిదో తరగతి. దాని పోరు పడలేక ‘లోహాలు–ఆమ్లాలు’ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మెగ్నీషియం రిబ్బను, జింకు ముక్కలు, ఇనుప మేకులు, అల్యూమినియం ఫాయిల్, రాగి రేకు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పొట్లాలు, ఆరు ప్లాస్టిక్ గొట్టాలు, కళ్లద్దాలు ఉన్నాయి.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఇవ్వకుండా నిమ్మ ఉప్పుతో సరిపెట్టడం నాకు నచ్చింది. ల్యాబులో పనిచేసినన్నాళ్లూ నాకు చిల్లు లేని చొక్కా లేదు.

మెగ్నీషియం రిబ్బను మసిబారి వచ్చింది. ఎమ్రీ పేపరు ముక్క ఒకటి వేయడానికి వాళ్లకు చేతులు రాలేదు. నా దగ్గరున్నదాంతో తళతళలాడేదాకా రుద్ది నిమ్మ ఉప్పు నీళ్లలో వేస్తే బుసబుసా పొంగింది, గొట్టం చేతికి వెచ్చగా తగిలింది. అగ్గిపుల్ల పరీక్ష కూడా ప్లాస్టిక్ గొట్టంలోనే చేయమని పుస్తకంలో రాశారు. మూతి కరిగిపోదూ? నేను గాజు ఇంజెక్షన్ సీసాలో చేయించాను. మూతిని బొటనవేలితో అరనిమిషం మూసి, వేలు తీస్తూనే వెలిగించిన పుల్ల పెడితే ‘టప్’మంది. హైడ్రోజన్. పిల్ల ఆ ఒక్కటే ఏడుసార్లు చేసింది.

ఫాయిల్ వేయగానే బుడగలు వస్తాయని రాసింది తప్పు. అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది, నిమ్మ ఉప్పుకు అది అంత తేలిగ్గా లొంగదు.

అసలు గొడవ రాగితో. “తాతయ్యా, రాగి కూడా బుడగలిస్తోంది!” అంది. హైడ్రోజన్‌ను తోసేసే బలం రాగికి లేదు, నిమ్మ ఉప్పులో ఊరికే కూర్చోవాలి. చూస్తే రేకు కత్తిరించిన అంచున సన్నటి బుడగలు. అనుమానమొచ్చి ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి పెట్టాను. ఠక్కున అతుక్కుంది. లోపల ఇనుము, పైన రాగి పూత!

పాత కరెంటు వైరు ఒలిచి అసలు రాగి తీగ వేశాను. కదలిక లేదు. దాన్ని జింకు ముక్కకు ఆనించగానే మాత్రం రాగి మీద బుడగలు. పిల్ల నావైపు అనుమానంగా చూసింది. కరిగేది జింకే, అది వదిలిన ఎలక్ట్రాన్లు తీగలోకి పాకి, అక్కడ ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లతో కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతోందని చెప్పడానికి ఓ పూట పట్టింది. పుస్తకంలో ఈ ప్రయోగమే లేదు.

మూడు స్టార్లు. రేకు మార్చి పంపుతామని మెసేజ్ పెట్టారు. వచ్చాక ముందు అయస్కాంతమే పెడతాను.