రీపర్ 7: బయటి ప్లగిన్‌లకు నమ్మకమైన చోటు

ఇంట్లో ఒక గదిని సిద్ధం చేసుకుని భక్తిగీతాలు, జానపదాలు, పెళ్ళిపాటలు రికార్డు చేసేవారు మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు సాధారణంగా దానితోపాటు ఎన్ని వాద్యాలు, ఎన్ని ఎఫెక్టులు వస్తాయన్నదే చూస్తారు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం. వేరే సంస్థలు తయారుచేసిన ప్లగిన్‌ను, అంటే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్‌ను, అందులో పెట్టినప్పుడు, ముఖ్యంగా ఆ ప్లగిన్ మొరాయించినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్ మన పాటను కాపాడుతుందా, లేక తానూ దానితోపాటు కూలిపోతుందా? కాకోస్ సంస్థ వారి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌ను నేను కొన్నేళ్ళుగా ప్రధానంగా ఈ ఒక్క కారణానికే వాడుతున్నాను. ఈ సమీక్ష కూడా ఆ ఒక్క కోణం నుంచే.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఒక సాయంత్రం ఎదురైంది. అప్పట్లో నేను మరో సాఫ్ట్‌వేర్ వాడేవాణ్ణి. మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ తనకు వచ్చిన మంగళహారతులన్నీ మనవళ్ళ కోసం రికార్డు చేయించుకోవాలని వచ్చారు. మూడో హారతి నడుస్తుండగా, గొంతుకు కొంచెం నునుపు రావడానికి నేను పెట్టిన ఒక ప్లగిన్ తన లైసెన్స్‌ను ఇంటర్నెట్‌లో సరిచూసుకోవాలని ప్రయత్నించింది. ఆ సమయానికి మా ఇంట్లో నెట్ లేదు. ప్లగిన్ బిగుసుకుపోయింది, దానితోపాటు సాఫ్ట్‌వేర్ మొత్తం మూతపడింది, సేవ్ కాని టేకు పోయింది. "మళ్ళీ పాడమంటావా, నాయనా?" అని ఆవిడ ఎంతో ఓపికగా అడిగారు. మళ్ళీ పాడారు కూడా. కానీ మొదటిసారి పాడినప్పుడు చివరి చరణంలో వచ్చిన ఆర్తి రెండోసారి రాలేదు. ఆ లోటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అసలు ప్లగిన్ అంటే ఏమిటో ఒకసారి చూస్తే ఇలా ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో తన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌తోపాటు వీఎస్‌టీ అనే పద్ధతిని తెచ్చి, ఇతరులు కూడా దానికి తగ్గట్టు ఎఫెక్టులు తయారుచేసుకునే వీలు కల్పించింది. ఆ తర్వాత యాపిల్ వారి ఏయూ, ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్ కోసం ఏఏఎక్స్, 2022లో బిట్‌విగ్, యు-హీ సంస్థలు కలిసి తెచ్చిన క్లాప్ వంటివి వచ్చాయి. పద్ధతి ఏదైనా, మామూలుగా ప్లగిన్ పనిచేసేది తనకు చోటిచ్చిన హోస్ట్ సాఫ్ట్‌వేర్ లోపలే, దానికి కేటాయించిన మెమరీలోనే. అందువల్ల ప్లగిన్ రాసినవారు చేసిన ఒక చిన్న పొరపాటు మొత్తం సెషన్‌ను పడగొట్టగలదు.

రీపర్ బలం ఇక్కడే తెలుస్తుంది. ప్లగిన్‌ల జాబితాలో ఒకదాని పేరు మీద రైట్ క్లిక్ చేస్తే, దాన్ని రీపర్ లోపల కాకుండా పూర్తిగా విడిగా, దానికంటూ వేరే ప్రాసెస్‌లో నడిపించే ఎంపిక కనిపిస్తుంది. అలా పెట్టిన ప్లగిన్ కూలిపోతే ఆ ఒక్క ప్లగిన్ శబ్దమే ఆగుతుంది, రికార్డింగ్ మాత్రం సాగుతూనే ఉంటుంది. దీనివల్ల కంప్యూటర్ మీద కొంచెం అదనపు భారం పడుతుంది కాబట్టి అన్నిటికీ వాడనవసరం లేదు. కొత్తగా తెచ్చుకున్నవాటికీ, నమ్మకం కుదరనివాటికీ వాడితే చాలు. నేనైతే ఏ కొత్త ప్లగిన్‌నైనా మొదటి నెల రోజులు ఇలా విడిగానే ఉంచుతాను.

ప్రాజెక్ట్ తెరుచుకోకుండా ఏదో ఒక ప్లగిన్ అడ్డుపడుతుంటే, ఫైల్ తెరిచే డైలాగ్‌లోనే ఎఫెక్టులన్నిటినీ ఆఫ్‌లైన్‌లో, అంటే పనిచేయకుండా నిద్రలో, ఉంచి తెరిచే వీలుంది. ట్రాకులన్నీ కళ్ళముందుకు వచ్చాక ఒక్కొక్క ప్లగిన్‌నే లేపుకుంటూ పోతే దోషి ఎవరో తెలిసిపోతుంది. కంప్యూటర్ మార్చినప్పుడు పాత ప్లగిన్ ఒకటి లేకపోతే, ఫలానాది దొరకలేదని రీపర్ ముందే చెప్పి, దాని సెట్టింగులను మాత్రం ప్రాజెక్ట్‌లో పదిలంగా ఉంచుతుంది. ఆ ప్లగిన్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసుకుంటే తెరమీద తిప్పే గుబ్బలన్నీ (నాబ్‌లు) మనం వదిలిన చోటనే ఉంటాయి. పైగా రీపర్ ప్రాజెక్ట్ ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైల్. అవసరమైతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏ ట్రాకు మీద ఏ ప్లగిన్ ఉందో చదువుకోవచ్చు. కొందరికి ఇది అనవసరమైన వివరంగా తోచవచ్చు కానీ, పదేళ్ళ నాటి పాటను తిరిగి తెరవాల్సిన వ్యక్తికి దీని విలువ తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసిన ప్లగిన్ జాబితాలో కనిపించడం లేదన్నది కొత్తవారు తరచుగా చెప్పే ఇబ్బంది. వీఎస్‌టీ3 ప్లగిన్‌లకు విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్న కామన్ ఫైల్స్‌లో ఒక నిర్ణీత ఫోల్డర్ ఉంది, అక్కడ ఉన్నవాటిని రీపర్ తానే వెతుక్కుంటుంది. పాత వీఎస్‌టీ2 ప్లగిన్‌లకు అలాంటి కట్టుబాటు లేదు, ఒక్కొక్క ఇన్‌స్టాలర్ ఒక్కొక్క చోట పెడుతుంది. వాటన్నిటికీ ఒకే ఫోల్డర్ నిర్ణయించుకుని, ఆ దారిని ప్రిఫరెన్సెస్‌లో వీఎస్‌టీ పేజీలో చేర్చి, మళ్ళీ స్కాన్ చేయమంటే సరిపోతుంది.

ఇక వినికిడి సంగతి. ప్లగిన్‌ల ప్రకటనలు చెప్పేదానికీ, అవి నిజంగా చేసేదానికీ తేడా కనిపెట్టడానికి రీపర్‌లో రెండు సాధనాలు నాకు ఎంతో ఉపకరించాయి. మొదటిది ప్రతి ప్లగిన్ కిటికీ మీదా ఉండే చిన్న గుబ్బ. ప్లగిన్ తయారీదారు మిక్స్ గుబ్బ ఇవ్వకపోయినా, అసలు శబ్దంలో ఎఫెక్టును ఎంత కలపాలో దీనితో నిర్ణయించుకోవచ్చు. రెండోది డెల్టా సోలో. అసలు శబ్దానికీ, ప్లగిన్ గుండా వచ్చిన శబ్దానికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే ఇది వినిపిస్తుంది. శబ్దంలోని హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ గొంతులోంచి ఏం తీసేస్తోందో, సన్నని, మందమైన శబ్దాల పాళ్ళు సవరించే ఈక్యూ ఏ భాగాన్ని మారుస్తోందో విడిగా వినగలిగితే చెవికి త్వరగా శిక్షణ అందుతుంది. ఎంతో ఖరీదు పెట్టిన కొన్ని ప్లగిన్‌లు నా పాటల్లో చేస్తున్నది చాలా స్వల్పమని ఇలా విన్న తర్వాతే గ్రహించి, వాటిని తీసేశాను.

ఆ వడపోత తర్వాత నా దగ్గర నిలిచిన బయటి ప్లగిన్‌లు చాలా తక్కువ. వాటిలో టోక్యో డాన్ ల్యాబ్స్ వారి నోవా ఉచితమైనది. ఇది డైనమిక్ ఈక్యూ, అంటే ఒక ఫ్రీక్వెన్సీ హద్దు మీరినప్పుడు మాత్రమే దాన్ని తగ్గిస్తుంది, మిగతా సమయంలో ముట్టుకోదు. 'శ, ష, స'లు గుచ్చుకునే గొంతులకూ, పై స్థాయిలో అరుపులా మారే నాదస్వరానికీ ఇది బాగా నప్పుతుంది. రెండోది గొంతుకు ప్రతిధ్వనిని చేర్చే, వల్హల్లా సంస్థ వారి వింటేజ్‌వెర్బ్, ధర 50 డాలర్లు. ఇందులో నాద స్వభావాన్ని మార్చే 'కలర్' ఎంపికలో 1970లను ఎంచుకుంటే ప్రతిధ్వనిలో పై ఫ్రీక్వెన్సీలు తగ్గి, రాతి మంటపంలో పాడినట్టుగా కాస్త మసకైన, వెచ్చని నాదం వస్తుంది. అన్నమయ్య కీర్తనలకు నేను వాడేది అదే. అయితే తెలుగు సాహిత్యం స్పష్టంగా వినపడాలంటే ప్రీ-డిలేను మరిచిపోకూడదు. గొంతు మొదలైన కొన్ని పదుల మిల్లీసెకన్ల తర్వాత ప్రతిధ్వని మొదలయ్యేటట్టు చేస్తే ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఉంటాయి.

మూడోదాని గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే మన సంగీతానికి ఎక్కువ మేలు, ఎక్కువ కీడు చేయగలిగింది ఇదే. సెలెమోనీ వారి మెలోడైన్ స్వరాలను సరిదిద్దే సాధనం. రీపర్ ఏఆర్ఏ అనే అనుసంధానాన్ని సమర్థిస్తుంది కాబట్టి పాటను మెలోడైన్‌లోకి మళ్ళీ రికార్డు చేసుకునే పని లేకుండా, ట్రాకు మీద ఉన్న క్లిప్పునే నేరుగా విప్పి చూపిస్తుంది. చిక్కు అక్కడినుంచి మొదలవుతుంది. ఇలాంటి సాధనాలు మామూలుగా స్వరాన్ని కీబోర్డు మెట్టు మీదికి జరుపుతాయి. మన తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలిచి ఉండదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతూనే అది గాంధారమనిపించుకుంటుంది. దాన్ని తీసుకెళ్ళి ఒక మెట్టు మీద నిలబెడితే తప్పు సరిదిద్దినట్టు కాదు, రాగాన్ని చెరిపినట్టు.

గమకం లేకుండా నిలకడగా పట్టే స్వరాల్లోనూ జాగ్రత్త అవసరం. తంబురా తీగ నుంచి సహజంగా పుట్టే అంతర గాంధారం షడ్జమానికి 386 సెంట్ల ఎత్తులో ఉంటుంది (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). కీబోర్డు మీది గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురాతో చక్కగా కలిసిన గాయని గొంతును ఆటోమేటిక్‌గా సరిచేయమని అడిగితే, ఆ సాధనం దాన్ని 14 సెంట్లు పైకి జరిపి శ్రుతి తప్పిస్తుంది. అందువల్ల నేను ఆటోమేటిక్ దిద్దుబాటును వాడను. మెలోడైన్‌లో స్వరం లోపలి ఊపుకు ఒక సాధనం, స్వరం మెల్లగా జారిపోవడానికి మరొక సాధనం వేర్వేరుగా ఉన్నాయి. జారిన చోట మాత్రమే రెండోదాన్ని, అదీ సగానికి మించకుండా వాడి, ఊపును అసలు ముట్టుకోను. ఈ రెండు సాధనాలు అతి తక్కువ ధరకు వచ్చే ఎసెన్షియల్ ఎడిషన్‌లో లేవు. కర్ణాటక సంగీతం కోసం కొనేవారు డబ్బు చెల్లించడానికి ముందే ఈ విషయం గమనించాలి.

ప్లగిన్‌లు పెరిగేకొద్దీ ఎదురయ్యే మరో సమస్య ఆలస్యం. శబ్దాన్ని సెకనుకు 48,000 శాంపిళ్ళుగా, అంటే చిన్న ముక్కలుగా, కొలిచే 48 కిలోహెర్ట్జ్ వద్ద, కంప్యూటర్ ఒక్కసారికి పోగుచేసుకునే 256 శాంపిళ్ళ బఫర్ అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు, ఇది గాయకులకు దాదాపు తెలియదు. అదే ట్రాకు మీద 4096 శాంపిళ్ళ ఆలస్యం తెచ్చే లీనియర్ ఫేజ్ ఈక్యూ ఒకటి ఉంటే 85 మిల్లీసెకన్లు అదనంగా చేరతాయి, ఆ ఆలస్యంతో హెడ్‌ఫోన్లలో తన గొంతు వింటూ తాళం పట్టడం ఎవరివల్లా కాదు. రికార్డు చేసినదాన్ని తిరిగి వినేటప్పుడు రీపర్ ఈ తేడాను తానే సర్దుతుంది. పాడుతుండగా మాత్రం సర్దడానికి ఏ సాఫ్ట్‌వేర్‌కూ దారి లేదు. ప్రతి ఎఫెక్ట్ కిటికీ అడుగున ఆ ప్లగిన్‌లు ఎంత ప్రాసెసర్‌ను తింటున్నాయో, ఎన్ని శాంపిళ్ళ ఆలస్యం తెస్తున్నాయో రీపర్ అంకెల్లో చూపిస్తుంది. రికార్డింగ్‌కు ముందు ఆ అంకెలు చూసి, బరువైనవాటిని ఆపి ఉంచడం నాకు అలవాటైంది.

రీపర్‌లో లోట్లు లేవని కాదు. దానితో వచ్చే ఈక్యూ, కంప్రెసర్ వంటివి పనిలో గట్టివే అయినా చూడటానికి సాదాగా ఉంటాయి. వాద్యాల విషయంలో మాత్రం చేతికందేది దాదాపు శూన్యమే. ఒక చిన్న సింథసైజర్, రికార్డు చేసిన శబ్దాలను స్వరాలుగా వాయించే ఒక శాంప్లర్ తప్ప పియానో, వయొలిన్‌ల వంటి శబ్దాల గ్రంథాలయమేదీ రాదు. కాబట్టి బయటి ప్లగిన్‌లు ఇక్కడ విలాసం కాదు, అవసరం. ఉచితంగా దొరికే సర్జ్ ఎక్స్‌టీ, డీసెంట్ శాంప్లర్‌లతో మొదలుపెట్టవచ్చు. మెనూలు చాలా ఎక్కువ, మొదటి పదిహేను రోజులు దేనికోసం ఎక్కడ వెతకాలో తెలియని స్థితి ఉంటుంది. వెర్షన్ 7లో వచ్చిన ఎఫెక్ట్ కంటైనర్లు ఆ చిక్కును కొంత తగ్గిస్తాయి. గొంతుకు వాడే నాలుగైదు ప్లగిన్‌లను ఒకే డబ్బాలో సర్ది, తరచుగా కదిపే గుబ్బలను మాత్రం పైకి తెచ్చుకోవచ్చు. రెండు ఎఫెక్టులను పక్కపక్కన సమాంతరంగా నడపడమూ ఈ వెర్షన్‌లోనే సులువైంది.

ధర విషయానికి వస్తే, 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడవచ్చు. ఆ తర్వాత సొంతానికి వాడుకునేవారికీ, వ్యాపారానికి వాడినా ఏటా మొత్తం ఆదాయం 20,000 డాలర్లకు మించనివారికీ లైసెన్స్ 60 డాలర్లు. అంతకు మించిన వ్యాపార వినియోగానికి 225 డాలర్లు. ఒకసారి కొంటే రెండు ప్రధాన వెర్షన్ల పాటు అప్‌డేట్లు వస్తాయి. మన దేశం నుంచి చెల్లించేవారు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో ముందుగా చూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారే క్రాక్ చేసిన ప్లగిన్‌ల జోలికి మాత్రం దయచేసి వెళ్ళకండి. తయారుచేసినవారి కష్టాన్ని దోచుకోవడం ఒక తప్పు. ఎవరో తెరిచి మార్చి కుట్టిన ఫైలును మన పాట ఉన్న కంప్యూటర్‌లోకి రానివ్వడం ఇంకో తప్పు. ఇంత నాణ్యమైన ఉచిత ప్లగిన్‌లు దొరుకుతున్న రోజుల్లో ఆ పని చేయవలసిన అవసరం ఎవరికీ లేదు.

పెద్దావిడ హారతులను తర్వాత రీపర్‌లోకి మార్చుకున్నాను. ఇప్పుడు ఏ రికార్డింగ్ మొదలుపెట్టినా గొంతు ట్రాకు మీద ప్లగిన్ ఏదీ లేకుండానే పాడిస్తున్నాను. ప్రతిధ్వని కావాలనేవారికి హెడ్‌ఫోన్లలో మాత్రం వినిపించేటట్టు వేరే ట్రాకు మీద పెడుతున్నాను. మిక్స్ పూర్తయ్యాక ప్లగిన్‌లతో ఉన్న ప్రతి ట్రాకునూ 24 బిట్ వేవ్ ఫైలుగా మార్చి, ప్లగిన్ లేని అసలు గొంతుతో కలిపి ఒకే ఫోల్డర్‌లో దాస్తున్నాను. ఆవిడ హారతుల ఫోల్డర్ నకలు ఒకటి మనవళ్ళ దగ్గర కూడా ఉంది.