అరండల్‌పేట డీటీపీ షాపు, నా నెవిల్ చార్టు

గుంటూరులో పెద్ద చార్టు ఎక్కడ వేయించావని తోటి లెక్చరర్లు అడుగుతున్నారు, అందుకే ఇది. అరండల్‌పేటలోని ఈ షాపు అసలు శుభలేఖలది. డిగ్రీ పిల్లలకు వార్స్ ఆఫ్ ది రోజెస్ (పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండ్ సింహాసనం కోసం జరిగిన యుద్ధాలు) చెప్పడానికి, అందులో తలదూర్చిన నెవిల్ అనే జమీందారీ కుటుంబ వంశవృక్షం వేయించాను. నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

మొదటి ప్రూఫ్ చూస్తే గుండె గుభేలుమంది. వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్ రాల్ఫ్ నెవిల్ సంతానం ఇరవై మందికి పైనే. అందరినీ తీసుకెళ్లి మొదటి భార్య మార్గరెట్ స్టాఫర్డ్ కింద పెట్టేశారు. నేనిచ్చిన కాగితంలో ఇద్దరు భార్యలకు రెండు గీతలు ఉన్నాయి. చోటు కలిసొస్తుందని ఒకటి చేశారట! ఆ ఇంటి గొడవంతా ఆ రెండు గీతల మధ్యే ఉంది. 1425లో రాల్ఫ్ పోయాక బిరుదు పెద్దావిడ మనవడికి దక్కింది. మిడిల్‌హామ్, షెరిఫ్ హటన్ లాంటి మంచి ఆస్తులేమో చిన్నావిడ జోన్ బోఫోర్ట్ వైపు పోయాయి. జోన్ రాజుగారు నాలుగో హెన్రీకి సవతి చెల్లెలు మరి. నలగాముడు, మలిదేవుడి కథ వింటూ పెరిగిన మన పల్నాటి పిల్లలకు ఈ తగాదా ఇట్టే ఎక్కుతుంది, గీతలు సరిగ్గా ఉంటే.

"పెద్దావిడ పిల్లలు ఇటు, చిన్నావిడ పిల్లలు అటు, మధ్యలో ఆస్తి తగాదా" అన్నాను. కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడికి ఇక వివరించాల్సిన పని లేకపోయింది. ఒక వైపు ఎరుపు, ఒక వైపు నీలం వేసి నా ఎదురుగానే సర్దేశాడు.

ఈ షాపుకే ఎందుకు వెళ్లమంటున్నానంటే, వీళ్లకు వరసలు తెలుసు. రాల్ఫ్, జోన్‌ల మనవడు, కింగ్‌మేకర్ అని పేరుపడ్డ వార్విక్ ఎర్ల్ పెద్ద కూతురు ఇసబెల్, ఆమె భర్త జార్జ్ దగ్గరికొచ్చేసరికి కుర్రాడు మౌస్ ఆపాడు. "మేడమ్, ఈ జార్జ్ వాళ్లమ్మ సెసిలీ, వార్విక్‌కి మేనత్తే కదా? అయితే ఇసబెల్‌కి జార్జ్ మామ వరస. పెళ్లికి అడ్డేముంది?" మన లెక్కలో అడ్డేమీ లేదు. వాళ్ల చర్చి లెక్కలో అది దగ్గరి రక్తసంబంధం, పోప్ అనుమతి కావాలి. పైగా జార్జ్ అన్న, రాజు నాలుగో ఎడ్వర్డ్, ఒప్పుకోలేదు. అయినా 1469లో ఫ్రాన్స్ తీరంలోని కలేలో పెళ్లి కానిచ్చేశారు. చిన్న కూతురు ఆన్ తర్వాత జార్జ్ తమ్ముడిని చేసుకుంది, అతనే మూడో రిచర్డ్. నేను చెప్పకుండానే సెసిలీ దగ్గర నుంచి ఈ రెండు పెళ్లిళ్లకూ చుక్కల గీత లాగాడు. క్లాసులో ఎక్కువ పనికొచ్చింది ఆ గీతే.

రిచర్డ్‌లతో జాగ్రత్త. తండ్రి సాలిస్‌బరీ ఎర్ల్ రిచర్డ్ (1400–1460), కొడుకు వార్విక్ ఎర్ల్ రిచర్డ్ (1428–1471), సెసిలీ భర్త యార్క్ డ్యూక్ కూడా రిచర్డే. కాపీ పేస్ట్‌లో తండ్రి సంవత్సరాలు కొడుకు కింద పడ్డాయి. బిరుదు పెద్ద అక్షరాల్లో, పేరు చిన్న అక్షరాల్లో పెట్టించుకోండి. వాట్సాప్‌లో మనం పంపే తెలుగు, షాపువాళ్లు వాడే అను ఫాంట్లలోకి (డీటీపీ తెలుగు ఫాంట్లు) వెళ్తే గజిబిజి అవుతుంది. కాగితం మీద రాసిచ్చి, ప్రూఫ్ మీరే కూర్చుని చదవండి.

ఐదో స్టార్ ఫ్లెక్స్ వల్ల పోయింది. క్లాసులో ట్యూబ్‌లైట్ వేస్తే తళతళలాడిపోయి వెనక బెంచీకి పేర్లు కనిపించడం లేదు. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) మీద మెరుపు లేని మ్యాట్ వినైల్ కూడా వేస్తారని డబ్బులు కట్టాక తెలిసింది. ఖరీదు ఎక్కువే కానీ అదే అడగండి. ముహూర్తాల సీజన్‌లో మాత్రం వెళ్లకండి, నిలబడేందుకు కూడా చోటుండదు.

ఫైల్ చెరిపేయొద్దని చెప్పి వచ్చాను. తర్వాతిది నెవిల్‌ల ప్రత్యర్థి కుటుంబం పెర్సీల వంశవృక్షం. రాల్ఫ్, జోన్‌ల కూతురు ఎలియనోర్ ఆ ఇంటి కోడలు. 1455లో సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో ఆమె భర్త చనిపోయినప్పుడు అవతలి పక్షాన ఉన్నది ఆమె పుట్టింటివాళ్లే. ఆ గీత ఏ రంగులో వేయాలో కుర్రాడు ఇప్పటి నుంచే అడుగుతున్నాడు.