జనరేటర్ కొన్నాం, హరికేన్ రాత్రంతా అది గరాజ్‌లోనే కూర్చుంది

మూడు స్టార్లా నాలుగా అని వారం రోజులు ఊగిసలాడి చివరికి నాలుగే ఇస్తున్నాను, ఎందుకంటే జరిగిన తప్పుల్లో సగం మిషన్‌వి, సగం మావి. మేం కొన్నది పెట్రోల్‌తోనూ ప్రొపేన్‌తోనూ నడిచే చిన్న ఇన్వర్టర్ జనరేటర్. అట్టపెట్టె మీద పెద్ద అంకెల్లో 2,300 వాట్లు అని ఉంటుంది, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో 1,800 అని ఉంటుంది. మొదటిది ఫ్రిజ్ లాంటివి స్టార్టయ్యే ఒకటి రెండు క్షణాలకి, గంటల తరబడి అది ఇవ్వగలిగింది రెండోదే. ప్రొపేన్ మీద నడిపితే అందులోనూ దాదాపు పదోవంతు కోత. ఏ కంపెనీదో రాయను, రాసినా పెద్ద ఉపయోగం లేదు, ఈ సైజులో వచ్చేవన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

ముందుగా మాకెవరూ చెప్పనిది చెప్తాను. హరికేన్ ఇంటి మీదుగా పోతున్నంతసేపూ జనరేటర్ పనికిరాదు. వింటే ఇది కూడా చెప్పాలా అనిపిస్తుంది, కానీ కొనేటప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. దాన్ని నడపాల్సింది బయట, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా తిప్పి పెట్టి. పైగా అది తడవకూడదు. గంటకి 80 మైళ్ళ గాలి వీస్తూ వాన అడ్డంగా కొడుతుంటే దాన్ని బయట ఎక్కడ పెడతాం, ఏ గొడుగు పడతాం?

మాకు రాత్రి 11 దాటాక కరెంటు పోయింది. దూరంగా కరెంటు తీగలు తెగి ఆకాశం నీలంగా, ఆకుపచ్చగా రెండు మూడుసార్లు మెరిసింది, అంతే, వీధంతా చీకటి. అత్తయ్య సోఫాలో కూర్చుని "ఏమ్మా, అదేదో మిషన్ కొన్నారుగా, పెట్టండి మరి" అన్నారు. మా ఆయన టార్చి పట్టుకుని గరాజ్ వైపు బయల్దేరారు, షట్టర్ ఒక రెండడుగులు ఎత్తి ఉంచితే పొగ బయటికే పోతుందిలే అంటూ. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. ధైర్యంతో కాదు, భయంతో. 2020లో లారా హరికేన్ లూసియానాను దాటి వెళ్ళాక జనరేటర్ల పొగకి ఇళ్ళల్లోనే చాలామంది చనిపోయారు, గాలీ వానా ఆగిపోయిన తర్వాత. గరాజ్ తలుపు తీసి ఉంచినా లాభం లేదు, ఆ విషవాయువు పగుళ్ళలోంచి, తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మనకి తెలిసేది మామూలు పొగ వాసన, చంపేది అది కాదు.

ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది ఈ రివ్యూలో లేని వస్తువు. 1,000 వాట్-అవర్ల బ్యాటరీ పవర్ స్టేషన్, చిన్న సూట్‌కేస్ అంత ఉంటుంది, చప్పుడు లేదు, పొగ లేదు, మంచం పక్కన పెట్టుకోవచ్చు. జనరేటర్ ఉండగా ఇదెందుకు అని ఆయన సణిగినా పట్టుబట్టి తెప్పించాను. డబ్బా మీద 1,000 అని ఉన్నా చేతికొచ్చేది 850, 900 మధ్య, మిగతాది లోపలే వేడిగా పోతుంది. అయినా 35 వాట్ల ఫ్యాను రాత్రంతా, ఒక ఎల్‌ఈడీ లైటు, ఫోన్లు, అత్తయ్యకి రెండుసార్లు నెబ్యులైజర్, అన్నీ అయ్యాక కూడా పొద్దునకి సగం మిగిలింది. ఫ్రిజ్ జోలికి పోలేదు. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ ఓ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుకుంటాయి, అందుకే తలుపుకి అడ్డంగా టేపు అంటించేశాను, అలవాటు కొద్దీ ఎవరో ఒకరు తీస్తారని. ఇన్సులిన్ మాత్రం ముందే ఐస్ ప్యాక్‌లున్న చిన్న పెట్టెలోకి మార్చి ఉంచాను, ఐస్‌కి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి. గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు.

గాలి గురించి ఒక్క మాట, రివ్యూకి సంబంధం లేకపోయినా. తెల్లవారుజామున ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. అయిపోయిందనుకుని బయటికి అడుగుపెట్టబోతే ఆయనే నన్ను వెనక్కి లాగారు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి, అప్పటిదాకా నిలబడ్డ చెట్లు అప్పుడు పడ్డాయి. ఆ నిశ్శబ్దంలో జనరేటర్ బయటికి లాగిన వాళ్ళు కూడా ఉంటారు, అలా చేయకండి.

ఇక మర్నాడు. వాన ఆగింది, దాన్ని ఇద్దరం మోసుకుంటూ పెరట్లోకి తెచ్చాం. 22 కిలోలు, చక్రాలు లేవు. ఆయిల్ చూశాం, తాడు లాగాం. లాగాం, లాగాం, లాగాం. ఓ పాతికసార్లు లాగాక ఆయన భుజం పట్టేసింది. కిందటి సీజన్‌లో వాడి పెట్రోల్ ట్యాంకులోనే వదిలేశాం, పైగా పెట్రోల్ పాడవకుండా కలిపే స్టెబిలైజర్ పోశాం కదా అని నిశ్చింతగా ఉన్నాం. దాన్ని పోశాక ఇంజిన్ ఓ పది నిమిషాలు నడిపితేనే ఆ కలిపిన పెట్రోల్ కార్బురేటర్‌లోకి చేరుతుందట, మేం ట్యాంకులో పోసి మూత పెట్టేశాం. కార్బురేటర్‌లో మిగిలిన పాత పెట్రోల్ నెలల తరబడి ఉండి జిగురైపోయి సన్నటి రంధ్రాన్ని మూసేసింది. అమెరికా పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది కాబట్టి ఈ తంటా ఇంకా ఎక్కువ.

అప్పుడు నాబ్ ప్రొపేన్ వైపు తిప్పి, సిలిండర్ గొట్టం బిగించి లాగితే మూడో లాగుడుకి అందుకుంది! ప్రొపేన్ ఆవిరిగానే వస్తుంది, ఆ సన్నటి రంధ్రంతో దానికి పనిలేదు. ఎన్నేళ్ళు ఉంచినా పాడవదు. రెండు ఇంధనాల మిషన్ అంటే షోకు అనుకున్నాను, నాలుగో స్టారు నిలిచింది దాని వల్లే. ఇప్పుడు మేం తుపాను కోసం పెట్రోల్ నిల్వ చేయడమే మానేశాం, 20 పౌండ్ల సిలిండర్లు నాలుగు బయట నీడన నిలబెట్టి ఉంచుకుంటాం, ఇంట్లో కాదు, గరాజ్‌లోనూ కాదు. అవి కూడా జూన్ 1కి ముందే నింపించేస్తాం. హరికేన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. హరికేన్ రావచ్చని చెప్పే వాచ్ గాలులు మొదలవడానికి దాదాపు 48 గంటల ముందు, వచ్చేస్తోందని చెప్పే వార్నింగ్ 36 గంటల ముందు వచ్చేది, ఆ పాటికి బంకుల దగ్గర క్యూ వీధి చివరిదాకా ఉంటుంది, ఆ 36 గంటలూ కిటికీలకి ప్లైవుడ్ కొట్టుకోవడానికీ, మనిషికి రోజుకో గాలన్ లెక్కన నీళ్ళు పట్టుకోవడానికీ సరిపోవు.

మాకు కరెంటు 6 రోజులకి వచ్చింది. హరికేన్లలో అన్నిటికన్నా కింది మెట్టయిన కేటగిరీ 1కే ఇంతా అని అడుగుతారు. ఆ కేటగిరీ చెప్పేది గాలి వేగం ఒక్కటే, గంటకి 74 నుంచి 95 మైళ్ళు, అంతకుమించి అది ఏమీ చెప్పదు, వరద గురించీ చెప్పదు, కరెంటు ఎన్ని రోజులు ఉండదన్నదీ చెప్పదు. 2024 జూలైలో హ్యూస్టన్ వైపు వచ్చిన బెరిల్ కూడా కేటగిరీ 1, 20 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, మండు వేసవిలో. గాలివాన తర్వాత మనుషుల్ని తినేసేది ఉక్కపోత. 2017లో ఇర్మా తర్వాత ఫ్లోరిడాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి 12 మంది పెద్దవాళ్ళు చనిపోయారు. అందుకే మొదటి రోజే ఒక చిన్న విండో ఏసీని అత్తయ్య గదిలో బిగించి, రాత్రిళ్ళు అందరం ఆ ఒక్క గదిలోనే పడుకున్నాం.

అక్కడ ఈ మిషన్ బండారం బయటపడింది. ఆ ఏసీ నడిచేటప్పుడు 500 వాట్లలోపే తింటుంది కానీ కంప్రెసర్ అందుకునే క్షణంలో దాదాపు మూడింతలు లాగుతుంది. ఫ్రిజ్ మామూలుగా 150 వాట్లు, దానికీ ఆ క్షణం ఉంది. రెండూ ఒకేసారి అందుకుంటే జనరేటర్ ఒక్కసారి మూలిగి ఆగిపోతుంది. మొదటి రోజు మూడుసార్లు ఆగింది. ఎకో మోడ్‌లో ఉంటే ఇంకా ఘోరం, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది కదా, హఠాత్తుగా బరువు పడితే తేరుకునేలోపు ఆరిపోతుంది. ముందు ఎకో ఆపి, ఫ్రిజ్ పెట్టి, అది కుదుటపడ్డాక ఏసీ పెట్టి, ఆ తర్వాత ఎకో వేయాలి. మాన్యువల్‌లో ఇది లేదు. ఇంకో దొంగ ఏమిటంటే ఫ్రిజ్‌లో మంచు కరిగించే హీటరు, అది రోజుకి ఒకటి రెండుసార్లు చెప్పాపెట్టకుండా 500 వాట్లు లాగుతుంది, అది కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడో రోజుకి పద్ధతి దొరికింది. పగలు జనరేటర్ మూడు గంటలు నడపడం, రెండు గంటలు ఆపడం, నడుస్తున్నప్పుడే బ్యాటరీని కూడా చార్జ్ చేసుకోవడం. రాత్రి ఏసీ కొంతసేపు జనరేటర్ మీద, గది చల్లబడ్డాక దాన్ని ఆపేసి ఫ్యాను బ్యాటరీ మీద. ఇలా అయితే ఒక సిలిండర్ మాకు 22 గంటల నడక ఇచ్చింది. పెట్టె మీద 30 పైనే రాసుంది, అది పావు లోడు లెక్క. చప్పుడు 52 డెసిబెల్స్ అన్నదీ పావు లోడు లెక్కే, అదీ 23 అడుగుల దూరం నుంచి. వీధిలో ఇంకే చప్పుడూ లేని రాత్రి అది ఎంత వినిపిస్తుందో వాళ్ళకేం తెలుసు.

కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే ఇంజిన్‌ని ఆపేసే సీవో సెన్సర్ ఒకటి ఇందులో ఉంది, దాని గురించి నేను తప్పుగా మొరపెట్టుకున్నాను. రెండుసార్లు ఎర్రలైటు వెలిగి ఇంజిన్ ఆగిపోయింది, సెన్సర్ పాడైందని కస్టమర్ కేర్‌తో గొడవపడ్డాను. తీరా చూస్తే మేం దాన్ని కాంపౌండ్ గోడ మూలలో పెట్టాం, గాలి తిరిగినప్పుడు పొగంతా అక్కడే సుళ్ళు తిరుగుతోంది. దాని పని అది చేసింది. కానీ అది కొలిచేది మిషన్ చుట్టూ ఉన్న గాలినే, పడకగదిలో ఏముందో దానికి తెలీదు, గదిలో బ్యాటరీతో నడిచే అలారం విడిగా ఉండాల్సిందే.

20 అడుగుల దూరం అన్నారు కానీ పెట్టెలో వైరు ఇవ్వరు. మేం మొదట సీరియల్ లైట్లకి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడాం, గంటకి అది ముట్టుకుంటే చుర్రుమంది. 12 గేజ్ మందం ఉన్న 50 అడుగుల వైరు, ఆరుబయట వాడేది, అదీ ముందే కొనుక్కోవాలి. ఈ గొడవంతా చూసి పక్కింటాయన "ఎందుకండీ ఈ వైర్లు, రెండువైపులా పిన్నులున్న వైరుతో గోడ సాకెట్‌లో గుచ్చేస్తే ఇల్లంతా వెలుగుతుంది కదా" అన్నారు. వెలుగుతుంది, దాంతోపాటు ఆ కరెంటు వీధి తీగలోకీ ఎక్కి, అక్కడ లైను బాగుచేస్తున్న మనిషిని చంపుతుంది. ఇల్లంతా కావాలంటే ఎలక్ట్రీషియన్‌తో, వీధి లైనుని విడదీసి ఇంటిని జనరేటర్‌కి కలిపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోవాలి, అయినా ఈ 1,800 వాట్లకి అంత హంగు అనవసరం.

అసలు కోపం ఆయిల్ దగ్గర. కొత్త ఇంజిన్‌కి మొదటి 20, 25 గంటల్లో ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత కూడా 50 గంటలకోసారి. మనం రోజుకి 12 గంటలు నడిపితే రెండో రోజుకే మొదటి మార్పు వచ్చేస్తుంది. ఇందులో పట్టేది అర లీటరు కూడా ఉండదు, కొంచెం తగ్గినా తనంతట తానే ఆగిపోతుంది, నాలుగో రాత్రి 2 గంటలకి అలాగే ఆగింది, ఇంట్లో చుక్క ఆయిల్ లేదు, షాపులు మూతబడి ఉన్నాయి. కారు కోసం దాచిన సీసా ఒకటి పక్కింటాయనే తెచ్చిచ్చారు, గ్రేడు సరిపోయింది కాబట్టి బతికిపోయాం. పాత ఆయిల్ తీయడానికి విడిగా బోల్టు లేదు, మిషన్ మొత్తాన్ని పక్కకి వంచి ఒంపాలి, సగం పాత్రలో, సగం మన చేతుల మీద. డిజైన్ చేసినవాడు ఒక్కసారి టార్చి నోట్లో పెట్టుకుని ఆ పని చేసి ఉంటే ఇలా పెట్టేవాడు కాదు. అయిదో స్టారు అక్కడే పోయింది.

కార్బురేటర్ గురించి ఫిర్యాదు చేస్తే వాళ్ళు ఒప్పుకున్నారు, మర్యాదగానే మాట్లాడారు, కొత్తది ఉచితంగా పంపిస్తామన్నారు. పంపించారు కూడా, డిసెంబర్‌లో. ఆయన కూర్చుని బిగించారు, ఇప్పుడు పెట్రోల్ మీద కూడా రెండో లాగుడికే అందుకుంటోంది, నెలకోసారి ఆదివారం పూట ఏసీ తగిలించి 20 నిమిషాలు నడిపి చూస్తున్నాం, చివర్లో పెట్రోల్ వాల్వ్ కట్టేసి దానంతట అది ఆగేదాకా వదిలేస్తున్నాం.