ట్రాక్టర్‌కు నీళ్లు వేరు చేసే డీజిల్ ఫిల్టర్: మూడేళ్ల వాడకం తర్వాత

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర తోతాపురి మామిడి తోట. మూడేళ్ల కిందట జూన్‌లో, కాయల లోడుతో పల్ప్ ఫ్యాక్టరీ ముందు క్యూలో ఉండగా మా ట్రాక్టర్ ఆగిపోయింది. ట్రాలీలో కాయలు ఎండకు మగ్గిపోతున్నాయి, వెనక బండ్ల వాళ్లు అరుస్తున్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు. మెకానిక్ వచ్చి ఫిల్టర్‌లోని డీజిల్‌ను సీసాలో పట్టి చూపించాడు. అడుగున నీళ్లు, వాటి మీద నల్లటి జిగురు. "సగం ట్యాంకుతో వానాకాలమంతా షెడ్డులో పెట్టేసినావు కదన్నా, ఖాళీ జాగాలో చెమ్మ పట్టదా?" అన్నాడు.

అప్పుడే ట్యాంకుకూ, దాంట్లోంచి డీజిల్‌ను పీల్చి ఇంజన్‌కు పంపే ఫీడ్ పంపుకూ మధ్య, అడుగున పారదర్శక గిన్నె ఉన్న ఫిల్టర్ బిగించాం. పాత రబ్బరు పైపులన్నీ మార్చాం. అప్పటి నుంచి మీటరు మీద 1,400 గంటలు తిరిగింది.

మొదట్లో నేనే తప్పు చేశాను. ఎంత సన్నగా వడకడితే అంత మంచిదనుకుని 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్ వేశాను. ఖాళీ బండి బాగానే నడిచేది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఊపిరాడనట్టు కుంగిపోయేది. పంపు పీల్చే వైపు అంత సన్న జల్లెడ పెడితే డీజిల్ చాలదు. 30 మైక్రాన్లది వేశాక ఆ బాధ పోయింది. సన్నటి మురికిని పట్టడానికి ఇంజన్ మీద కంపెనీ ఫిల్టర్ ఎలాగూ ఉంది.

అసలు ఏడిపించింది మాత్రం గాలి. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలకే ఆగేది. హ్యాండ్ పంపు కొట్టి డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీస్తే సాయంత్రం దాకా నడిచేది. ఎక్కడా చుక్క డీజిల్ కారలేదు కాబట్టి లీకు లేదనుకున్నాను. పీల్చే వైపు కంత ఉంటే డీజిల్ బయటికి రాకపోయినా గాలి లోపలికి పోతుంది! పంపు ముందర అరడుగు పారదర్శక పైపు పెట్టి చూస్తే ఆవగింజలంత బుడగలు వరసగా పోతున్నాయి. దోషం ఒక బాంజో బోల్టు (పైపును బిగించే, మధ్యలో డీజిల్ పోయే బోలు బోల్టు) కింది పాత రాగి వాషరుది. రెండు కొత్త వాషర్లతో సరిపోయింది.

గిన్నె ఉండటం నాకు చాలా నచ్చింది. నవంబరు, డిసెంబరు వానల్లో వారానికోసారి చూస్తాను. అడుగున నీళ్ల గీత కనబడితే ఇంజన్ ఆపి, కుళాయి తిప్పి వదిలేస్తాను. ఎండాకాలంలో ఆ పని దాదాపు ఉండదు. ఈ మూడేళ్లలో ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పాల్సిన పని పడలేదు.

నచ్చనిది ఆ ప్లాస్టిక్ కుళాయి. రెండో ఏడాదికే మరలు అరిగి డీజిల్ చెమ్మగా కారింది. గిన్నెను కూడా సైలెన్సర్‌కు దూరంగా బిగించుకోండి, వేడికి పగిలితే మంటలే. సముద్రపు బోట్ల ఇంజన్లకు వాడే రకానికి గిన్నె కింద లోహపు కవచం ఇస్తారు. మా ట్రాక్టర్‌కు అలాంటిది లేక, ఇనుప రేకు వంచి అడ్డం పెట్టాం. వచ్చే కాయల సీజన్‌కు ముందే ఇత్తడి కుళాయి వేయిస్తున్నాను.