పాపరా, స్పూకా, ఫ్రాగా? బ్యాస్‌కి నీటి మీద ఆడించే ల్యూర్లలో ఏది మేలు

బ్యాస్ అనే వేటాడే చేప కోసం టాప్‌వాటర్ ల్యూర్ (నీటి పైన ఆడే కృత్రిమ ఎర) కొనేటప్పుడు చాలామంది ముందు రంగు చూస్తారు, తర్వాత పేరు చూస్తారు. నన్నడిగితే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. చేప ఎక్కడుందో మీకు తెలుసా, తెలీదా? ఫలానా మోడు పక్కనో, తుంగ అంచునో ఉందని గట్టిగా అనిపిస్తే ఆ చోటు వదలకుండా ఆడే ల్యూర్ కావాలి. ఎక్కడుందో తెలియక వెతుకుతుంటే, తక్కువ సమయంలో ఎక్కువ నీళ్లు గాలించే ల్యూర్ కావాలి. పెట్టెలో పాపర్లు, వాకింగ్ బైట్లు, బజ్‌బైట్లు, ప్లాపర్లు ఎన్ని ఉన్నా వాటి మధ్య అసలు తేడా ఇదే. చప్పుడు, సైజు, రంగు దీని తర్వాతే వస్తాయి.

వీటిలో ఏదైనా నీళ్లు కాస్త వేడెక్కాకే పనిచేస్తుంది. సుమారు 15, 16 డిగ్రీల సెల్సియస్ దాటాక బ్యాస్ నీటి పైభాగం వైపు దృష్టి పెడుతుంది, 20 దాటితే ఇంకా చురుగ్గా ఉంటుంది. తెల్లవారుజాము, సాయంత్రం, మబ్బు పట్టిన రోజులు మంచివి. అంతకన్నా చల్లటి నీళ్లలో ఏ టాప్‌వాటర్ మేలని ఆలోచించడం కంటే లోతుకు దిగే ఎర కట్టుకోవడం మంచిది.

పాపర్, వాకింగ్ బైట్: అసలు పోటీ ఇక్కడే

పాపర్ మూతి లోపలికి గుంటగా ఉంటుంది. రాడ్ కొనతో చిన్నగా గుంజితే ఆ గుంట నీళ్లనీ గాలినీ కలిపి ముందుకు నెట్టి ‘బ్లుప్’ అని చప్పుడు చేస్తుంది. ఆ నీళ్లే దానికి అడ్డుపడతాయి కాబట్టి అది పెద్దగా ముందుకు జరగదు. పాపర్ బలమంతా అందులోనే ఉంది. మోడు పక్కన పడేసి, దాని చుట్టూ లేచిన అలలు సద్దుమణిగేదాకా ఆగి, ఒక్కసారి గుంజి, మళ్లీ ఆగి, అడుగు దూరం దాటకుండానే నాలుగైదు సార్లు ఆడించొచ్చు. వెనక హుక్కుకి కట్టిన ఈకలు ల్యూర్ ఆగినప్పుడు కూడా మెల్లగా విచ్చుకుంటూ ఉంటాయి. చాలాసార్లు చేప కొట్టేది ఆ ఆగిన క్షణంలోనే. అందుకే పాపర్‌తో ఓపిక లేనివాళ్లకి చేపలు తక్కువ పడతాయి.

పాపర్‌తో రెండు రకాల చప్పుళ్లు చేయొచ్చు. రాడ్ కొన పైకి పట్టుకుని చిటుక్కుమనిపిస్తే నీళ్లు చిమ్ముతుంది, పారిపోతున్న చిన్న చేపలా. రాడ్ కిందికి పెట్టి గట్టిగా లాగితే లోతైన గుడగుడ శబ్దం వస్తుంది. నీళ్లు అద్దంలా నిశ్చలంగా ఉన్నప్పుడు మొదటిదే మంచిది. పెద్ద చప్పుడు చేస్తే దగ్గరున్న చేప బెదిరిపోతుంది.

బ్యాస్ గుడ్లు పెట్టడం అయిపోయాక మగచేప పిల్లల గుంపుని కాపలా కాస్తూ ఒడ్డు దగ్గరే ఉంటుంది. దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. ఆ రోజుల్లో పాపర్‌కి సాటి లేదు. కానీ అప్పుడు పట్టిన మగచేపని ఆలస్యం చేయకుండా పట్టిన చోటే వదిలేయండి. అది లేని కాసేపట్లోనే బ్లూగిల్ లాంటి చేపలు వచ్చి పిల్లల్ని తినేస్తాయి. ఫోటోలకి సమయం తీసుకోవడం ఇక్కడ తప్పు.

ఇక వాకింగ్ బైట్. దీన్ని చూస్తే చుట్టలా నున్నగా ఉంటుంది. మూతిలో గుంట లేదు, రెక్కలు లేవు, బరువంతా తోక వైపు ఉంటుంది. హెడన్ కంపెనీ జారా స్పూక్ 1939 నుంచి ఉంది, ఇప్పటికీ ఈ రకానికి అదే కొలమానం. దానంతటది ఏమీ చేయదు, తిన్నగా లాగితే పుల్లలా వచ్చేస్తుంది. లైన్ వదులుగా ఉంచి, రాడ్ కొనతో కిందికి టక్ టక్ మని లయగా తడుతూ, తట్టిన వెంటనే మళ్లీ లైన్ వదులు చేస్తే, ముక్కు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిరుగుతూ వస్తుంది. కొత్తవాళ్లు లాగడం మీదే దృష్టి పెడతారు. ముక్కు తిరిగేది మాత్రం లైన్ వదిలినప్పుడే. ఈ ఒక్క విషయం చేతికి పట్టుబడితే మిగతాది గంటలో వచ్చేస్తుంది. లైన్‌ని ల్యూర్‌కి బిగించి కట్టేయకుండా లూప్ ముడి వేస్తే, లేదా చిన్న స్ప్లిట్ రింగ్ పెడితే ముక్కు ఇంకా సులువుగా తిరుగుతుంది.

వాకింగ్ బైట్ గొప్పతనం దూరం. మామూలు జారా స్పూక్ నాలుగున్నర అంగుళాలు, సుమారు 21 గ్రాములు. రెబెల్ పాప్‌ఆర్ లాంటి మామూలు పాపర్ రెండున్నర అంగుళాలు, సుమారు 7 గ్రాములు. అంటే స్పూక్‌ని చాలా దూరం విసరొచ్చు, విసిరిన దూరమంతా ఆడించుకుంటూ రావచ్చు. నీళ్లు తేటగా ఉంటే పది, పదిహేను అడుగుల లోతు నుంచి కూడా బ్యాస్ పైకి లేచి వస్తుంది, ముఖ్యంగా స్మాల్‌మౌత్ అనే రకం బ్యాస్. శరత్కాలంలో షాడ్ చేపల గుంపుల్ని బ్యాస్ తరుముతూ నీళ్లు చెదరగొడుతున్నప్పుడు ఆ గుంపు అంచుకి చేరగల ల్యూర్ ఇదే. పాపర్ అంత దూరం పోదు. పోయినా, తిరిగొచ్చేసరికి గుంపు వేరే చోట తేలుతుంది.

గాలి ఉన్న రోజు తీర్పు ఇంకా సులువు. అలలు కాస్త లేస్తే చిన్న పాపర్ చప్పుడు వాటిలో కలిసిపోతుంది. లోపల గోళీలు గలగలమనే పెద్ద వాకింగ్ బైట్ ఒక మోస్తరు అలల్లో కూడా వినిపిస్తుంది. అలలు మరీ పెద్దవైతే రెండూ లాభం లేదు.

రెండింట్లో ఒకటే కొనమంటే నేను వాకింగ్ బైటే కొంటాను, మూడున్నర అంగుళాల చిన్న సైజులో. సాధన చేసిన చేతిలో అది దాదాపు ఉన్న చోటే ముక్కు తిప్పుతూ పాపర్ పని కొంత చేసిపెడుతుంది. పాపర్ మాత్రం ఎంత సాధన చేసినా పెద్ద నీళ్లని గాలించలేదు. మీరు వెళ్లేది చిన్న కుంటకే, ఒడ్డు నుంచే వేస్తారు, ప్రతి మోడూ మీకు తెలుసు అంటే మాత్రం నా మాట పక్కనపెట్టి పాపర్ తీసుకోండి.

గడ్డి ఉంటే వాదనే లేదు

పైన చెప్పిన రెండింటికీ మూడు కొనల ట్రెబుల్ హుక్కులుంటాయి. తామరాకులు, నాచు, గుర్రపుడెక్క కప్పేసిన నీళ్లలో వాటిని వేస్తే ప్రతి విసురుకీ గడ్డి పీక్కోవడమే పని. అక్కడ ఫ్రాగ్ ఒక్కటే ల్యూర్. కప్ప ఆకారంలో లోపల డొల్లగా ఉండే మెత్తటి ఒళ్లు, దాని వీపుకి ఆనుకుని పైకి తిరిగిన రెండు హుక్కులు. ఆకుల మీద పాకినప్పుడు హుక్కులు దేనికీ తగలవు. చేప నోట్లో నొక్కుకున్నప్పుడు ఒళ్లు అణిగి హుక్కులు బయటపడతాయి.

ఫ్రాగ్ విషయంలో ల్యూర్ కన్నా మిగతా సామాను ముఖ్యం. 50 నుంచి 65 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (పోగులతో అల్లిన) లైన్, ఏడడుగుల హెవీ రాడ్ లేకుండా దీన్ని మొదలుపెట్టొద్దు. రెండు లావు హుక్కుల్ని గట్టి దవడలోకి దించాలి, ఆ వెంటనే చేపని గడ్డిలోంచి బయటికి లాగాలి. మెత్తటి రాడ్‌తో ఈ రెండూ జరగవు. చేప గడ్డి కాడలకి లైన్ చుట్టేసుకుని తెంపుకుపోతుంది, నోట్లో హుక్కుతో. అది చేపకి మనం చేసే అన్యాయం. అందుకే పాపర్ కోసం కొన్న మీడియం రాడ్‌కి ఫ్రాగ్ కట్టొద్దంటాను.

ఆకుల మధ్య ఖాళీ కనిపించిన ప్రతిచోటా ఫ్రాగ్‌ని ఆపండి, అక్కడే ముక్కు ఆడించండి. కాళ్ల పోగులు మరీ పొడుగ్గా ఉంటే కొంచెం కత్తిరిస్తే తేలిగ్గా అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడప్పుడూ ఒళ్లు పిండి లోపలి నీళ్లు తీసేయాలి. అన్నిటికన్నా ఎక్కువ చేపలు తప్పిపోయేది ఫ్రాగ్‌తోనే, గడ్డి చాటున చేప గురి చూడలేదు కాబట్టి. అయినా అక్కడ ఇంకోటి వేయలేం.

బజ్‌బైట్, ప్లాపర్

ఈ రెండూ వెతకడానికే. బజ్‌బైట్ అంటే వంచిన తీగకి తిరిగే రెక్క, కింద ఒకటే హుక్కు. ఆపితే మునిగిపోతుంది. అందుకే నీళ్లమీద పడుతుండగానే రీల్ తిప్పడం మొదలుపెట్టాలి, రాడ్ పైకెత్తి ఉంచాలి. వేగంగా లైన్ చుట్టే రీల్ అయితే సుఖం. ప్లాపర్ తేలుతుంది, దాని తోక గిరగిరా తిరుగుతూ బుడబుడమంటుంది. లారీ డాల్‌బర్గ్ రూపొందించిన వాపర్ ప్లాపర్‌తో ఈ రకానికి పేరొచ్చింది. దీన్ని కావాలంటే ఆపొచ్చు, మళ్లీ కదిలించొచ్చు.

పలచటి గడ్డి, జమ్ము కాడలు, పడిపోయిన కొమ్మలు ఉంటే బజ్‌బైట్. ఒంటి హుక్కు వాటి మధ్య నుంచి చాలావరకు తప్పించుకొస్తుంది. ఖాళీ నీళ్లయితే ప్లాపర్. టాప్‌వాటర్‌కి పూర్తిగా కొత్తవాళ్లు, పిల్లలు ప్లాపర్‌తోనే మొదలుపెట్టాలి, రీల్ తిప్పడం వస్తే చాలు. చేప ఎక్కడుందో దొరికాక మాత్రం దాన్ని పక్కనపెట్టి పాపరో స్పూకో కట్టుకోండి. ఒకే చోట మళ్లీ మళ్లీ అదే రొదతో పోతుంటే చేపలు పట్టించుకోవడం మానేస్తాయని నా నమ్మకం.

లైన్, రంగు

నీటిపై ఆడే చిన్న ల్యూర్‌కి ఫ్లూరోకార్బన్ లైన్ వద్దు. అది నీళ్లకన్నా బరువు, మునుగుతూ ల్యూర్ ముక్కుని కిందికి లాగేస్తుంది. బ్రెయిడ్ తేలుతుంది గానీ మరీ మెత్తన, పాపర్ ముందు హుక్కుకి చుట్టుకుంటుంది. బ్రెయిడ్ చివర రెండడుగుల నైలాన్ లైన్ ముక్క (లీడర్) కడితే ఆ బాధ తప్పుతుంది.

రంగు గురించి నా అభిప్రాయం కచ్చితం. చేప కింది నుంచి ఆకాశం వైపు చూస్తుంది, దానికి కనిపించేది ల్యూర్ పొట్ట. వీపు మీద వేసిన పొలుసులు, చుక్కలు కొనేవాళ్ల కోసం. మూడు పొట్టలు చాలు: చీకటికీ బురద నీళ్లకీ నలుపు, మామూలు వెలుతురుకి ఎముక తెలుపు, తేట నీళ్లకి పారదర్శకంగా ఉండేది.

చేప కొట్టినప్పుడు

ఏ ల్యూర్ అయినా చాలామందికి ఇక్కడే టెన్షన్. నీళ్లు పేలినట్టు చిమ్మగానే చేయి దానంతటదే రాడ్‌ని వెనక్కి గుంజుతుంది. అప్పటికి ల్యూర్ చేప నోట్లో లేకపోవచ్చు. చేతికి బరువు తెలిసేదాకా ఆగాలి. పాపర్, స్పూక్ అయితే బరువు తెలిశాక రాడ్‌ని పక్కకి తిప్పుతూ రీల్ చుడితే సరిపోతుంది, ట్రెబుల్ హుక్కుల కొనలు సన్నగా ఉంటాయి. ఫ్రాగ్ అయితే రాడ్ దించి, వదులు లాగేసి, ఒళ్లంతా వేసి గుంజాలి. తొందరపడి గుంజితే ల్యూర్ హుక్కులతో సహా మొహం మీదికి ఎగిరొస్తుంది. కళ్లద్దాలు లేకుండా టాప్‌వాటర్ వేయొద్దు.

చేప కొట్టి తప్పిపోతే ల్యూర్‌ని అక్కడే ఆపి రెండు మూడు సెకన్లు చూడండి. బజ్‌బైట్‌ని ఆపలేరు కాబట్టి అదే వేగంతో రానివ్వండి. మళ్లీ కొట్టకపోతే, పక్కన సిద్ధంగా పెట్టుకున్న రెండో రాడ్‌తో బరువు కట్టని మెత్తటి ప్లాస్టిక్ వార్మ్‌ని (పురుగులాంటి ఎరని) అదే చోట వేసి మెల్లగా మునగనివ్వండి. పైన తప్పిన చేప కింద తీసుకోవడం తరచూ జరుగుతుంది.